నిరాశ్రయులు, నగర శాసనాలు, అమెరికా చర్చిలు

అమెరికాలో ఇల్లు లేనివారికి ఇంత అన్నం పెట్టడం, రాత్రికి తలదాచుకునే చోటివ్వడం చాలాకాలంగా మత సంస్థలు ఎక్కువగా మోస్తున్న పని. ఆ పని ఊళ్లో ఎక్కడ చేయవచ్చు, వారానికి ఎన్నిసార్లు చేయవచ్చు, ఎవరి అనుమతి కావాలి అన్నవి పురపాలక మండళ్లు తేలుస్తాయి. ఈ రెండింటికీ మధ్య గత నలభై ఏళ్లుగా ఘర్షణ నడుస్తూనే ఉంది. చర్చిలు ఒక్కోచోట శాసనాన్ని ధిక్కరించాయి, ఒక్కోచోట కోర్టుకెక్కాయి, కొన్నిచోట్ల నగరం పక్షానే నిలిచాయి. ఒరెగాన్ రాష్ట్రంలోని బ్రూకింగ్స్ పట్టణంలో సెయింట్ తిమోతీ ఎపిస్కోపల్ చర్చి 2021 నుంచి 2024 వరకు నడిపిన వివాదం వీటిలో బాగా పేరుపడింది. 2024 జనవరిలో ఒక రాత్రి కేంద్ర గృహనిర్మాణ శాఖ తీయించిన లెక్కలో దేశం మొత్తం మీద నిరాశ్రయులు 7,71,480 మంది తేలారు. అంతకు ముందు ఏడాది కంటే ఇది 18 శాతం ఎక్కువ. వివాదాలు ముదరడానికి ఈ పెరుగుదల ఒక కారణం.

పూర్వరంగం

జెర్రీ మెకాలే అనే మాజీ ఖైదీ 1872లో న్యూయార్క్ వాటర్ స్ట్రీట్‌లో తెరిచిన మిషన్‌ను ఈ తరహా సంస్థల్లో తొలిదిగా చెబుతారు. 1880లో ఇంగ్లండు నుంచి సాల్వేషన్ ఆర్మీ వచ్చి చేరింది. ముందు ప్రార్థన, తరువాత సూపు, ఆపైన పడక అనే వరుస ఆ రోజుల్లోనే స్థిరపడింది. ఈ వరుసను కాదన్నవారూ మతంలోంచే వచ్చారు. 1933లో డొరొతీ డే, పీటర్ మారిన్ మొదలుపెట్టిన కాథలిక్ వర్కర్ ఉద్యమం తన ఆతిథ్య గృహాలకు వచ్చినవారిని ప్రసంగం వినమని బలవంతం చేయలేదు, నీ తప్పేమిటని అడగలేదు.

నగర నిబంధనల సెగ కూడా ఈ ఉద్యమానికే ముందు తగిలింది. 1956లో న్యూయార్క్ నగరం క్రిస్టీ స్ట్రీట్‌లోని కాథలిక్ వర్కర్ ఇల్లు అగ్నిమాపక నిబంధనలకు లోబడి లేదంటూ డొరొతీ డేకు 250 డాలర్ల జరిమానా వేసింది. మురికివాడలో గదులు అద్దెకిచ్చే యజమాని మీద పెట్టే కేసునే ఆమె మీదా పెట్టారు. కోర్టుకు బయలుదేరిన ఆమె చేతిలో, గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లలోంచి నలిగిన బట్టల్లో ఉన్న ఒకాయన మడత పెట్టిన కాగితం ఒకటి ఉంచి వెళ్లాడు. ఏదో చిల్లర సాయమనుకుని ఆమె థాంక్స్ చెప్పి రైలెక్కింది. రైల్లో విప్పి చూస్తే అది సరిగ్గా 250 డాలర్ల చెక్కు. ఇచ్చినాయన కవి డబ్ల్యు.హెచ్. ఆడెన్. ఈ కథను సరదాగా చెప్పుకుంటారు గానీ, అగ్నిమాపక నిబంధన అనే ఆయుధం అప్పటి నుంచి నేటి దాకా నగరాల చేతిలోనే ఉంది. అది ఊరికే సాకు కూడా కాదు. మెట్లదారి లేని మేడ మీద ముప్పైమంది నిద్రపోతుంటే నిప్పంటుకుందనుకోండి, సదుద్దేశం ఎవరినీ బయటికి మోసుకురాదు.

1980 దశకంలో సమస్య రూపం మారింది. పాత మానసిక వైద్యశాలలు మూతపడ్డాయి. ఒంటరివారు వారం అద్దెకు ఉండే చవక హోటళ్లు కూలిపోయాయి, కేంద్రం గృహనిర్మాణానికి ఇచ్చే డబ్బు తగ్గింది. న్యూయార్క్‌లో 1979లో వేసిన క్యాలహన్ దావా 1981లో రాజీ ఒప్పందంగా ముగిసి, ఆశ్రయం అడిగిన మగవారికి పడక చూపించడం నగరం బాధ్యత అయింది. పడకలు చాలక మేయర్ ఎడ్ కోచ్ చర్చిలను, సినగాగులను ఆశ్రయించి, తలా కొందరిని మీ కప్పు కింద ఉంచుకోండని కోరాడు. ఇరవై ఏళ్లు తిరక్కుండానే అదే నగరం ఒక చర్చి మెట్ల మీద పడుకున్నవారిని పోలీసులతో లేపించింది. చేతకాని రోజున చర్చిని సాయం అడగడం, ఆ సాయం వీధి జనం కంట పడగానే ఆంక్ష పెట్టడం: ఈ విషయంలో అమెరికా నగరాల తీరు చాలాచోట్ల ఇదే.

భూవినియోగమూ భక్తీ

అమెరికా పట్టణాల్లో ఏ స్థలంలో ఏమి ఉండవచ్చో జోనింగ్ నిబంధనలు చెబుతాయి. నివాస ప్రాంతంలో చర్చి ఉండవచ్చు, హోటల్ ఉండకూడదు. మరి చర్చి హాల్లో రోజూ మధ్యాహ్నం నలభైమందికి భోజనం వడ్డిస్తే అది ఆరాధన కిందికొస్తుందా, హోటల్ కిందికొస్తుందా? ముప్పై ఏళ్లుగా కోర్టుల ముందుకు వస్తున్న ప్రశ్న మౌలికంగా ఇంతే.

దీనికి తొలి స్పష్టమైన జవాబు రాజధాని వాషింగ్టన్‌లో వచ్చింది. వెస్టర్న్ ప్రెస్బిటీరియన్ చర్చి 1983 నుంచి, ఒక యూదు విద్యార్థి కేంద్రంతోనూ మరో చర్చితోనూ కలిసి, మిరియమ్స్ కిచెన్ పేరుతో నిరాశ్రయులకు పొద్దున్నే ఉపాహారం పెడుతుండేది. అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ తన కార్యాలయ విస్తరణ కోసం చర్చి పాత స్థలం తీసుకుని వేరే స్థలం ఇచ్చింది. కొత్త చోటు ఫాగీ బాటమ్ అనే నివాస ప్రాంతం. చర్చి రావచ్చు, వంటశాల రాకూడదని ఇరుగుపొరుగు పట్టుబట్టారు, జోనింగ్ బోర్డు వారితో ఏకీభవించింది. 1994లో జడ్జి స్టాన్లీ స్పోర్కిన్ ఆ నిర్ణయాన్ని కొట్టేశాడు. ఆకలిగొన్నవారికి పెట్టడం క్రైస్తవంలో ఆరాధనకు తోక కాదని, ఆరాధనలో భాగమేనని ఆ తీర్పు సారాంశం. ఈ వాదన అక్కడి నుంచి ఎన్నో కేసులకు పాకింది.

దాని వెనుక ఉన్న చట్టం మాత్రం నిలకడగా లేదు. అందరికీ సమానంగా వర్తించే శాసనం నుంచి మతం పేరుతో మినహాయింపు ఉండదని సుప్రీంకోర్టు 1990లో, అదీ ఒరెగాన్ నుంచి వచ్చిన ఒక కేసులోనే, తేల్చింది. దాన్ని తిరగరాయడానికి కాంగ్రెస్ 1993లో మతస్వేచ్ఛ పునరుద్ధరణ చట్టం తెచ్చింది. టెక్సాస్‌లోని బోర్న్ పట్టణం ఒక కాథలిక్ చర్చిని విస్తరించనివ్వకపోవడంతో మొదలైన కేసులో, ఆ చట్టం రాష్ట్రాలకు, నగరాలకు వర్తించదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. 2000 సెప్టెంబరు 22న అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన మత భూవినియోగ, సంస్థాగత ఖైదీల చట్టం ఆ ఖాళీని కొంత పూడ్చింది. రెండు సభల్లోనూ ఎవరూ కాదనకుండా అది గట్టెక్కింది. భూవినియోగ నిబంధన ఏదైనా మతాచరణ మీద గణనీయమైన భారం మోపితే, అందుకు బలమైన ప్రజాప్రయోజనం ఉందనీ, అంతకంటే తేలిక మార్గం లేదనీ నగరమే రుజువు చేసుకోవాలి. ఈ చట్టం చర్చిల కోసమే కాదు. కాలిఫోర్నియా యూబా సిటీ ప్రాంతంలో గురుద్వారాకు రెండుసార్లు అనుమతి నిరాకరించిన కౌంటీ మీద సిక్కులు 2006లో గెలిచింది దీని ఆధారంగానే. పశ్చిమ తీర రాష్ట్రాల్లో ‘గణనీయమైన భారం’ అంటే ఏమిటో చెప్పే తీర్పుల్లో అది ముఖ్యమైనది.

బ్రూకింగ్స్

పసిఫిక్ తీరాన, కాలిఫోర్నియా సరిహద్దుకు ఆనుకుని, ఏడువేల లోపు జనాభాతో ఉన్న ఊరు బ్రూకింగ్స్. సెయింట్ తిమోతీ చర్చి అక్కడ ఇళ్ల మధ్యలో ఉంటుంది. ఫాదర్ బెర్నీ లిండ్లీ నాయకత్వంలోని ఆ చిన్న సంఘం ఏళ్ల తరబడి వారంలో కొన్ని రోజులు ఉచితంగా మధ్యాహ్న భోజనం పెడుతూ వచ్చింది. మిగతా రోజులను ఊళ్లోని తక్కిన చర్చిలు పంచుకునేవి. కోవిడ్ వచ్చినప్పుడు వాళ్లు ఒక్కొక్కరే మానుకున్నారు. వాలంటీర్లలో ఎక్కువమంది పెద్ద వయసువాళ్లు కాబట్టి వారిని తప్పుపట్టలేం. వదిలిన రోజులన్నీ సెయింట్ తిమోతీ మీద పడ్డాయి, వడ్డన వారంలో ఆరు రోజులకు చేరింది. అక్కడే వైద్య పరీక్షలు, టీకాలు, స్నానానికి వసతి కూడా నడిచాయి. కార్లలో బతుకుతున్నవారు రాత్రిళ్లు చర్చి ఆవరణలో బండి నిలుపుకునే ఏర్పాటుకు నగరం అనుమతి ఇస్తే, దాన్ని అందుకున్నదీ ఈ చర్చే.

2021లో ఆ వీధుల్లో ఉండే సుమారు ముప్పైమంది, చర్చి దగ్గర నిరాశ్రయులు చేరకుండా చూడమని నగరానికి అర్జీ పెట్టుకున్నారు. చొరబాట్లు, కేకలు, చెత్త, మత్తుపదార్థాలు, భయం అందులోని ఫిర్యాదులు. అన్నీ కల్పితాలని కొట్టిపారేయడం అన్యాయం. పక్కింటివాళ్ల ఇబ్బంది నిజమైనదే. దానికి నగరం ఎంచుకున్న మందు మాత్రం విచిత్రమైనది. గొడవ చేసినవారి మీద చర్య తీసుకునే అధికారం పోలీసులకు ఎలాగూ ఉంది. పురపాలక మండలి దాన్ని పక్కనపెట్టి, అక్టోబరులో భోజనాల మీదే శాసనం చేసింది. నివాస ప్రాంతంలో ఉచిత భోజనం పెట్టాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి, అదీ వారానికి రెండు రోజులే. నగరం వాదన ఇలా సాగింది: రాష్ట్ర ఆరోగ్య నియమాల లెక్కలో ఉచిత భోజనశాల కూడా హోటల్ కిందికే వస్తుంది, నివాస ప్రాంతంలో హోటల్ నిషిద్ధం, అంటే చర్చి ఇన్నాళ్లూ చేసినదే నిబంధనకు విరుద్ధం, ఇప్పుడు మేమిచ్చిన రెండు రోజులు ఆంక్ష కాదు, వెసులుబాటు.

లిండ్లీ అనుమతికి దరఖాస్తు పెట్టలేదు, వడ్డన ఆపలేదు. 2022 జనవరి ఆఖరున చర్చి, ఒరెగాన్ ఎపిస్కోపల్ డయోసిస్ కలిసి కేంద్ర జిల్లా కోర్టులో దావా వేశాయి. బిషప్ డయానా అకియామా బాహాటంగా చర్చి పక్షాన నిలిచారు. ఇది చిన్న విషయం కాదు. బీదసాదలతో నిలబడే పాస్టరు వెనుక పైవాళ్లు నిలబడని సందర్భాలు చర్చి చరిత్రలో కొల్లలు. వ్యాజ్యం నడుస్తుండగా 2023లో నగరం మరో నోటీసు పంపి, ఆవరణలో నడుస్తున్న వైద్య, సామాజిక సేవలు కూడా ఆపమంది. ఆ ఏడాది నవంబరులో కేంద్ర న్యాయశాఖ చర్చి వాదనను బలపరుస్తూ కోర్టుకు తన అభిప్రాయం సమర్పించింది.

మెడ్‌ఫర్డ్‌లోని మేజిస్ట్రేట్ జడ్జి మార్క్ క్లార్క్ 2024 మార్చి 27న తీర్పు చెప్పాడు. ఆకలి తీర్చడం ఆ సంఘానికి మతాచరణే, వారానికి రెండు రోజుల పరిమితి దాని మీద గణనీయమైన భారం, నగరం చెప్పిన కారణాలకూ ఆ పరిమితికీ పొంతన లేదు అన్నవి తీర్పులోని ముఖ్యాంశాలు. భోజనాలు తగ్గిస్తే నేరాలు తగ్గుతాయనడానికి నగరం ఆధారం చూపలేకపోయింది. అసలు ఆరు రోజులను రెండుకు కుదిస్తే మిగిలిన నాలుగు రోజులు ఆ మనుషులు ఎక్కడ తింటారన్నదానికి దాని దగ్గర సమాధానమే లేదు. ఇల్లు లేనివారు దేశదిమ్మరులు కారు, కష్టంలో ఉన్న పౌరులు, ఇటువంటి చర్చి ఉన్నందుకు ఊరు సంతోషించాలి అనే ధోరణిలో జడ్జి నగరాన్ని మందలించాడు కూడా. రెండు రోజుల పరిమితి అంతటితో చెల్లకుండా పోయింది.

పార్కులో పళ్లెం

సొంత హాల్లో వడ్డించిన బ్రూకింగ్స్ చర్చికి దొరికిన రక్షణ, పార్కులో వడ్డించిన చర్చిలకు అంత సులువుగా దొరకలేదు. ఫ్లోరిడాలోని ఓర్లాండోలో ఫస్ట్ వేగబాండ్స్ చర్చ్ ఆఫ్ గాడ్ అనే సంఘానికి సొంత భవనం లేదు. దాని సభ్యులే ఎక్కువమంది నిరాశ్రయులు, పార్కే వారి గుడి. నగర కేంద్రంలోని పార్కుల్లో 25 మందికి గానీ అంతకు మించి గానీ భోజనం పెట్టాలంటే, ఒక్కో పార్కుకు ఏడాదికి రెండుసార్లే అనుమతి ఇస్తామని నగరం శాసించింది. ఆ సంఘమూ, ఫుడ్ నాట్ బాంబ్స్ అనే మతేతర బృందమూ వేసిన కేసును అప్పీలు కోర్టు పూర్తి ధర్మాసనం 2011లో నగరం వైపే తేల్చింది. చర్చిల్లో అతి పేదది ఓడిపోయింది.

మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాలో గాలి మళ్లింది. మేయర్ మైకేల్ నట్టర్ పార్కుల్లో సామూహిక వడ్డనను నిషేధించాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పార్క్‌వే వెంట బార్న్స్ చిత్రకళా మ్యూజియం కొత్తగా తెరుచుకున్న సమయమది. ఆరోగ్యం, శుభ్రత, గౌరవం కోసమే ఈ నిబంధన అని నగరం చెప్పుకుంది. చోజెన్ 300 మినిస్ట్రీస్ తదితర క్రైస్తవ బృందాలు కోర్టుకు వెళ్లగా, జడ్జి విలియం యోన్ నిషేధాన్ని నిలిపివేశాడు.

ఫోర్ట్ లాడర్‌డేల్ సంగతి దేశమంతా తెలిసింది. 2014 శరదృతువులో ఆ నగరం బయట భోజనం పెట్టేచోటు ఇళ్లకు 500 అడుగుల దూరంలో ఉండాలని, తాత్కాలిక మరుగుదొడ్లు ఏర్పాటు చేయాలని షరతులు విధించింది. ఉల్లంఘిస్తే 60 రోజుల జైలు లేదా 500 డాలర్ల జరిమానా. నవంబరు మొదట్లో తొంభై ఏళ్ల ఆర్నాల్డ్ అబ్బాట్ పార్కులో పళ్లేలు అందిస్తుండగా పోలీసులు అడ్డుకున్నారు. పళ్లెం కింద పెట్టమని, చేతిలో ఆయుధం ఉన్నవాడిని గద్దించినట్టు గద్దించారని తరువాత ఆయనే చెప్పాడు. పక్కనే ఉన్న ఇద్దరు పాస్టర్ల మీదా కేసు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఆ వృద్ధుడి ఫొటో ప్రపంచమంతా తిరిగింది, ఆయన కొద్ది రోజులకే మళ్లీ వచ్చి వడ్డించాడు. అబ్బాట్ అంతకు చాలా ఏళ్ల ముందే, ఫ్లోరిడా మతస్వేచ్ఛ చట్టం అండతో ఇదే నగరం మీద ఒకసారి పోరాడినవాడు. 2018లో అప్పీలు కోర్టు, పార్కులో పదిమందితో కలిసి భోజనం పంచుకోవడం భావప్రకటన కిందికి వస్తుందని తేల్చింది. ఆ కేసు వేసింది మాత్రం చర్చి కాదు, ఫుడ్ నాట్ బాంబ్స్. ఓర్లాండోలో చర్చి గెలవలేని పార్కు వాదనలో ఇక్కడ వాక్‌స్వాతంత్ర్యం గెలిచింది.

మెట్లు, గుడారాలు, పడకలు

భోజనం గంటలో అయిపోతుంది. పడక రాత్రంతా ఉంటుంది, తెల్లవారి వీధికి కనిపిస్తుంది. నగరాలు అన్నం కంటే నిద్ర విషయంలో మొండిగా ఉండటానికి కారణం అదే కావచ్చు.

న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూ ప్రెస్బిటీరియన్ చర్చి, ఖరీదైన దుకాణాల మధ్య 55వ వీధి మూలన ఉంది. తన మెట్ల మీద, ఆవరణలో నిరాశ్రయులను పడుకోనిచ్చేది. 2001 డిసెంబరులో పోలీసులు తెల్లవారకముందే వచ్చి వారిని లేపి పంపేశారు. చర్చి వెంటనే కోర్టుకెక్కింది. 2002లో అప్పీలు కోర్టు చర్చి సొంత స్థలం వరకు నగరాన్ని నిలువరించింది. ఆ పక్కనే ఉన్న నగరపు ఫుట్‌పాత్ మీద పడుకున్నవారికి ఆ రక్షణ లేదు. ఒకే మనిషి, ఒకే దుప్పటి, మెట్టు దిగితే చట్టం మారిపోతుంది.

సియాటిల్ ప్రాంతంలో మరో పద్ధతి పుట్టింది. టెంట్ సిటీ అనే గుడారాల కాలనీ, తన నియమాలు తానే పెట్టుకుని, సుమారు మూడేసి నెలలకొకసారి ఒక చర్చి ఆవరణ నుంచి మరోదానికి మారుతుంది. 2004లో నాలుగో టెంట్ సిటీకి బాథెల్‌లోని సెయింట్ బ్రెండన్ కాథలిక్ చర్చి చోటిచ్చింది. తరువాత రెడ్మండ్‌లోని సెయింట్ జూడ్, బెల్లెవ్యూలోని టెంపుల్ బ్నై తోరా సినగాగు కూడా ఆతిథ్యమిచ్చాయి. సాఫ్ట్‌వేర్ కొలువులతో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ ఊళ్లే ఇవన్నీ. ఇంటి ధరలు ఆకాశాన్నంటడానికీ వీధిలో గుడారాలు లేవడానికీ కారణం ఒకటేనన్నది అక్కడ ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. 2006లో వుడిన్‌విల్ పట్టణం, అనుమతులు తాత్కాలికంగా ఆపామన్న సాకుతో నార్త్‌షోర్ యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ దరఖాస్తును చూడనే లేదు. ఆ తీరు రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 2009లో తీర్పునిచ్చింది. మరుసటి ఏడాది శాసనసభ, మత సంస్థలు తమ స్థలంలో నిరాశ్రయులకు చోటివ్వవచ్చని, నగరాలు ఆరోగ్యం, భద్రతకు మించిన షరతులు పెట్టరాదని చట్టమే చేసింది. కోర్టు గెలుపు చట్టంగా మారిన అరుదైన ఉదాహరణ ఇది.

ఒహాయోలోని బ్రయన్ పట్టణానిది మరో కథ. డాడ్స్ ప్లేస్ అనే చర్చిని పాస్టర్ క్రిస్ అవెల్ ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉంచాడు, చలికి తట్టుకోలేనివారు వచ్చి పడుకునేవారు. ఆ వ్యాపార ప్రాంతంలో నేల అంతస్తున నివాసం కుదరదంటూ నగరం 2023 చివర్లో ఆయన మీద 18 అభియోగాలు మోపింది. వ్యవహారం జోనింగ్ నుంచి అగ్నిమాపక నిబంధనల మీదికి మళ్లి, 2025 జనవరిలో ఆయన దోషిగా తేలాడు. 1956లో డొరొతీ డే మీద పెట్టిన అభియోగమూ ఈ కోవదే.

గ్రాంట్స్ పాస్

బ్రూకింగ్స్ నుంచి రోడ్డు మీద రెండు గంటల పైచిలుకు ప్రయాణంలో, అదే ఒరెగాన్‌లో, గ్రాంట్స్ పాస్ ఉంది. జనాభా సుమారు 38,000, అందులో నిరాశ్రయులు ఆరువందల దాకా. అప్పట్లో పార్కులో దుప్పటి కప్పుకుని పడుకున్నా 295 డాలర్ల జరిమానా ఉండేది, కట్టకపోతే అది 537 డాలర్లు దాటేది. పడుకునే చోటే చూపకుండా పడుకున్నందుకు శిక్షించడం క్రూరమని 2020లో తీర్పు చెప్పిన జడ్జి కూడా మార్క్ క్లార్కే. 2024 జూన్ 28న సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో దాన్ని తోసిపుచ్చింది. మెజారిటీ తీర్పు రాసినది జస్టిస్ గోర్సచ్, భిన్నాభిప్రాయం జస్టిస్ సొటొమేయర్‌ది.

బ్రూకింగ్స్ తీర్పుకూ ఈ సుప్రీంకోర్టు తీర్పుకూ మధ్య మూడు నెలలు. కింది కోర్టు జడ్జి ఒకరే, రాష్ట్రం ఒకటే. వడ్డించే చర్చి హక్కు నిలిచింది, పడుకునే మనిషి హక్కు నిలవలేదు. అమెరికా చట్టం ఈ రంగంలో అడిగే ప్రశ్న పెట్టేవాడి విశ్వాసానికి దెబ్బ తగిలిందా అని. తినేవాడి ఆకలి ఆ ప్రశ్నలో లేదు. చర్చిల న్యాయ విజయాలను మెచ్చుకునేటప్పుడు ఈ లోటు మరిచిపోకూడదు.

గ్రాంట్స్ పాస్‌లో మత సంస్థలు రెండు వైపులా నిలబడ్డాయి. అమెరికా కాథలిక్ బిషప్పుల సభ నిరాశ్రయుల పక్షాన సుప్రీంకోర్టుకు నివేదన సమర్పించింది. అప్పట్లో ఊళ్లో వయోజనులకు ఉన్న ఒకే ఒక రాత్రి వసతి గాస్పెల్ రెస్క్యూ మిషన్ మాత్రం నగరాన్ని సమర్థించింది. కింది కోర్టు ఉత్తర్వు వచ్చాక తమ దగ్గరకు వచ్చేవారు దాదాపు 40 శాతం తగ్గారని దాని వాదన. అక్కడ ఉండాలంటే క్రైస్తవ ప్రార్థనకు హాజరు కావాలి, పొగ తాగరాదు, జీతం లేకుండా పని చేయాలి. అటువంటి షరతులున్న పడక ‘అందుబాటులో ఉన్న’ పడక కిందికి వస్తుందా అన్నది కేసు పొడుగునా నలిగింది. ఐడహోలోని బోయిసీ నగరం మీద 2018లో వచ్చిన తీర్పు, మతబోధ వినక తప్పని ఆశ్రయాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

నగరాల వాదన

నగరాలను ఊరికే దుర్మార్గులుగా చూపితే విషయం సగమే చెప్పినట్టు. వీధి వడ్డన వీధిజీవితాన్ని పొడిగిస్తుందని, భోజనం సలహా కేంద్రంలోనో వైద్యశాలలోనో దొరికితే మనిషి ఆ దారిన పడతాడని చెప్పేవారిలో ముఖ్యుడు రాబర్ట్ మార్బట్. చాలా నగరాలకు సలహాదారుగా పనిచేసిన ఆయన 2019 చివర నుంచి 2021 వరకు కేంద్ర నిరాశ్రయత మండలికి అధిపతి కూడా. సలహా కేంద్రాలు సరిపడా ఉన్నచోట ఈ మాటకు కొంత బలముంది. అవి లేనిచోట, వారానికి రెండు రోజుల అన్నంతో మనిషిని దారిలో పెట్టడమంటే ఆకలిని సాధనంగా వాడుకోవడమే అవుతుంది. చర్చిల వైపూ లోపం లేకపోలేదు. ఆదివారం సాయంత్రం ఒకే వీధికి నాలుగు వ్యాన్లు పళ్లేలతో వస్తాయి, మంగళవారం ఒక్కటీ రాదు. సమన్వయం కావాలని నగరం అడగడం న్యాయమే.

2024 గ్రాంట్స్ పాస్ తీర్పు తరువాత వందకు పైగా పట్టణాలు, నగరాలు బయట పడుకోవడం మీద కొత్త నిషేధాలు తెచ్చాయి. 2025 జులై 24న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వు, గుడారాలను తొలగించే రాష్ట్రాలకు, నగరాలకు కేంద్ర నిధుల్లో ప్రాధాన్యం ఇవ్వమంది.

సొంత స్థలంలో ఇళ్లు

వడ్డించడం, చోటివ్వడం కాక, ఈ మధ్య చర్చిలు పట్టిన మూడో దారి ఇళ్లు కట్టడం. సభ్యులు తగ్గి, కార్లు నిలిపే ఆవరణలు ఖాళీగా పడున్న చర్చిలు వేలల్లో ఉన్నాయి. శాన్ డియాగోలో మొదలైన ‘దేవుడి పెరట్లో కట్టండి’ ఉద్యమం ఫలించి, 2024 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో మత సంస్థలు తమ స్థలంలో చవక ఇళ్లు కట్టడానికి జోనింగ్ మార్పు అడగనక్కర్లేని చట్టం అమల్లోకి వచ్చింది. మినెసొటా 2023లో మరో తరహా చట్టం చేసింది. చర్చి ఆవరణలో చిన్న చిన్న గదుల ఇళ్లు కట్టవచ్చు, కానీ నివాసుల్లో కనీసం మూడో వంతు అక్కడే ఉంటానని ముందుకొచ్చిన వాలంటీర్లు కావాలి. అంటే దానం చేసి ఇంటికి వెళ్లడం కాదు, పక్కింట్లో ఉండటం. ఈ రెండో నమూనాలో ఊళ్లవారి అభ్యంతరాలకు మెరుగైన జవాబుంది, కానీ దానికి మనుషులు దొరకడం కష్టం. కాలిఫోర్నియా పద్ధతికి మనుషులు అక్కర్లేదు, డబ్బు కావాలి. అది చిన్న చర్చిల దగ్గర లేదు.

ఇతర మతాలు, తెలుగువారు

వివాదాల్లో పేర్లు ఎక్కువగా ప్రొటెస్టంట్, కాథలిక్ చర్చిలవైనా, సేవ వారికే పరిమితం కాదు. సినగాగులు, మసీదులు, గురుద్వారాలు తమ వంతు చేస్తున్నాయి. సత్యసాయి సంస్థల అమెరికా కేంద్రాలు నారాయణ సేవ పేరుతో నిరాశ్రయులకు వండి పెడుతుంటాయి, వాటిలో తెలుగువారు చాలామంది. గుడి ఆవరణలో అన్నదానానికి అలవాటుపడ్డ మనవారికి దానికో అనుమతి కావాలన్న ఆలోచన మొదట తట్టదు. అమెరికాలోని తెలుగు సంఘాలు, దేవాలయ కమిటీలు బయట వడ్డన పెట్టుకునే ముందు మూడు సంగతులు చూసుకోవాలి. స్థలం నగరానిదా, మత సంస్థదా? ఆ ఊరి ఆహార నియమాలు ఇంటి వంటకు ఒప్పుకుంటాయా? అదే వీధిలో అదే రోజు మరెవరైనా పెడుతున్నారా? పార్కు కంటే గుడి హాలు చట్టరీత్యా చాలా గట్టి నేల, అందుకని వీలైతే అక్కడే పంక్తి వేయడం మంచిది. ఆదివారం కాకుండా మంగళవారం వేస్తే మరీ మంచిది.